కలిబ్బల మిడతకు ఆరో కాలు

కలిబ్బల గీసిన ఏ పురుగుకీ ఆరో కాలు ఉండదు. చీమ గీసినా ఐదే, ఈగ గీసినా ఐదే, పేడపురుగు గీసినా ఐదే. కంపాలా మొత్తం మీద పురుగు బొమ్మల్ని అంత తళతళలాడేట్టు గీసేవాడు ఇంకొకడు లేడు, అంత మొండిగా ఒక కాలు ఎగ్గొట్టేవాడూ లేడు. పదకొండేళ్ళు పక్క స్టూలు మీద కూర్చుని ఆ కాళ్ళు లెక్కపెట్టినవాణ్ణి నేను, కాబట్టి ఎవరి ముందైనా ఈ మాట చెప్పగలను.

మా షాపు నాసర్ రోడ్డులో, ప్రింటింగు యంత్రాల రొదకి కింద, ఒక పాత భవనం నేలమాళిగలో ఉండేది. కిటికీ అన్నది లేదు. గోడ లోపల ఎక్కడో ఒక నీళ్ళ పైపు ఉండి, ఉండుండి ఎవరో గుటక వేసినట్టు చప్పుడు చేసేది. పట్టపగలే ఉన్న ఆ చీకట్లో మా రెండు కంప్యూటర్లదే వెలుగు. ఆ వెలుగులో కలిబ్బల ముఖం గడ్డం కింద నుంచి నీలంగా కనబడేది. కొత్తగా మెట్లు దిగిన కస్టమరు అతన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేసి, తర్వాత నన్ను చూసి ధైర్యం తెచ్చుకునేవాడు. ఆ భవనంలో నాకున్న కాస్త మర్యాదా అలా వచ్చిందే.

మనిషి నిట్టాడిలా ఉండేవాడు. ఏడాది పొడుగునా ఒకటే ఆకుపచ్చ కోటు. కూర్చుంటే మోకాళ్ళు బల్లకంటే పైకి లేచేవి. ఆలోచనలో పడ్డాడంటే పిక్కలు ఒకదానికొకటి రుద్దుకునేవాడు, కిర్రు కిర్రుమని చప్పుడయ్యేది. అడుగుల చప్పుడు మాత్రం ఉండేది కాదు. ఇటు తిరిగి టీ తాగి అటు తిరిగేసరికి భుజం మీద నుంచి వంగి నా తెరలోకి చూస్తూ ఉండేవాడు. ఆ పదకొండేళ్ళలో నేను ఒలకబోసుకున్న టీతో ఒక హోటలు నడపొచ్చు.

అన్నట్టు, అతను మిడత వంశం వాడు. మాలో ప్రతి వంశానికీ ఒక జీవి ఉంటుంది, ఆ వంశం వాళ్ళు దాన్ని నోట పెట్టరు. నాది మంబ, అంటే బురదచేప. నేను చేపను మానేసినా ఊరికి పట్టదు. కలిబ్బల కష్టం అలాంటిది కాదు. నవంబరు వానలతో మిడతలు దిగాయంటే ఊరు ఊరంతా వేయించుకుని తింటుంది. మా భవనం మెట్ల మీదే ఆడవాళ్ళు వరసగా కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ, కాళ్ళూ రెక్కలూ తుంచి బుట్టల్లో పోస్తుంటారు. ఆ నెలంతా కలిబ్బల కోటు తలమీద కప్పుకుని, "అన్నలారా, నా తప్పేం లేదు" అని గొణుక్కుంటూ మెట్లు దిగేవాడు.

అందుకే ఐదు కాళ్ళ సంగతి కూడా వంశం నియమమే అనుకున్నాం అందరం. ఒకరి వంశం నియమం గురించి ఇంకొకరు తరచి అడగడం మా దగ్గర మర్యాద కాదు. చేరిన కొత్తలో, మర్యాద ఇంకా వంటబట్టక, ఒక్కసారి అడిగాను.

"అన్నా, ఆరోది వేస్తే ఏమవుతుంది?"

"నడుస్తుంది."

"బొమ్మా?"

"నువ్వు రాకముందు ఒకసారి ఆరూ వేశాను. ఎర్రపురుగు, ఆకు మీద కూర్చుని. పొద్దున వచ్చి చూస్తే తెరమీద ఆకు ఒక్కటే ఉంది." పిక్కలు రుద్దుకున్నాడు. "అంచు కొరికి ఉంది."

మళ్ళీ నేను ఆ ప్రస్తావన తేలేదు.

అలా అని కస్టమరు ఐదు కాళ్ళ పురుగుతో ఇంటికి పోనక్కర్లేదు. దానికి కలిబ్బలే దారి చూపించేవాడు. "మెట్ల కింద నాలోంగో ఉంది. కవలల్ని కన్న చేయి, ఏ దోషమూ అంటదు. ఆవిడ చేత వేయించుకోండి" అనేవాడు. ఆ కాలేదో నేనే వేస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. "నువ్వు నా బల్ల పంచుకున్నావు. నీ చేయీ నా చేయీ ఒకటే లెక్క."

నాలోంగో అంటే కవలల తల్లి. ఆవిడ అసలు పేరు అందరూ మరిచిపోయి చాలాకాలమైంది. ఒకప్పుడు ఈ ఊళ్ళో సగం షాపుల గోడల మీద సబ్బులూ, సింహాలూ, సైకిళ్ళూ ఆవిడ కుంచెవే. కలిబ్బలకు కుంచె పట్టడం నేర్పిందీ ఆవిడే. ఫ్లెక్సీలు వచ్చాక గోడల పని పోయింది. మా గుమ్మం ఎదుటే, మెట్ల కింద ఒక బల్ల అద్దెకు తీసుకుని, లేవడానికి అరగంట పట్టే ఒక కంప్యూటరు పెట్టుకుని, నాలుక పళ్ళ మధ్య బిగించి, మౌసును కుంచెలా పట్టుకుని గీసేది. కాలు ఒక్కటీ గంట పట్టేది. అదీ మనిషి కాలులా వచ్చేది, కాస్త పిక్క బలిసి, మోకాలి చిప్పతో సహా. ఊళ్ళో ఏ పురుగు బొమ్మ చూసినా ఐదు కాళ్ళు పురుగువీ, ఆరోది ఎవరిదో పెద్దమనిషిదీ అయి ఉండేది.

ఆవిడకి సాయం చేయడం ఎవరి వల్లా కాదు. ఒకసారి కలిబ్బల ఒక అరటిగెల తెచ్చి బల్ల కింద పెట్టి చల్లగా జారుకున్నాడు. మర్నాటికి మా బల్ల కింద రెండు గెలలున్నాయి. పైన ఒక చీటీ, "నేను ఇంకా చావలేదు" అని.

ఆ ఏడు నవంబరులో భవనం మేనేజరు కవీసా ఆవిడ బల్ల మీద కన్నేశాడు. ఫోను చార్జర్లు అమ్మేవాడెవడో ఆ చోటు అడుగుతున్నాడు. "అమ్మా, ఖాళీ బల్లకి చోటు ఇవ్వలేను. నెలాఖరు దాకా చూస్తాను. మనుషులు వస్తుంటే ఉండు, రాకపోతే ఖాళీ చెయ్యి" అన్నాడు. ఆవిడ కంప్యూటరు తుడుచుకుంటూ, "వస్తారు. ఆ మిడత వంశం పిల్లాడు ఉన్నంతకాలం నాకు పని ఉంటుంది" అంది. ఆ పిల్లాడికి యాభై రెండేళ్ళు.

సరిగ్గా ఆ వారమే మసాకా నుంచి హాజీ కటెరెగ్గా దిగాడు. మిడతల వ్యాపారంలో పెద్ద చేయి.

"ఫోను మీద నొక్కితే వేయించిన మిడతలు ఇంటికి రావాలి. ఆ నొక్కే చోట ఒక బొమ్మ కావాలి సెబో, బొటనవేలి గోరంత" అన్నాడు. సెబో అంటే మా భాషలో అయ్యా అని. "మెరవాలి. నవ్వాలి. చూడగానే నోరూరాలి."

కలిబ్బల కళ్ళు మూసుకున్నాడు. "మెరుస్తుంది. నవ్వుతుంది. నోరూరడం మీకూ దేవుడికీ మధ్య."

"నీ దగ్గర ఐదు కాళ్ళేనట కదా?"

"ఐదే."

"గోరంత బొమ్మలో కాళ్ళు ఎవడు లెక్కపెడతాడయ్యా?"

"అది లెక్కపెట్టుకుంటుంది."

హాజీ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. పైపు గుటక వేసింది.

"ఆరోది నాలోంగో వేస్తుంది, మెట్ల కింద..." అని మొదలుపెట్టాడు కలిబ్బల.

"నీ దగ్గరా ఆవిడ దగ్గరా తిరగడానికి నాకు తీరికెక్కడిది? శుక్రవారం రెండింటికి ఆరు కాళ్ళతో నా చేతిలో పెట్టు. లేకపోతే ఇలాంటి షాపులు ఈ వీధిలో వంద ఉన్నాయి" అని హాజీ మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆ సీజనులో మాకు వచ్చిన పెద్ద పని అదే.

రెండు రోజులు గీశాడు కలిబ్బల. ముందు పొట్టకు ఒక కోడిగుడ్డు ఆకారం, తలకు ఒక గుండ్రం, రెక్కలకు రెండు ఆకులు, ఒక్కొక్కటీ ఒక్కో లేయరు మీద. బీరకాయ పచ్చ నుంచి నిమ్మ పసుపుకి జారే రంగు. పొట్ట కింద అంచున చీకటి. కూర్చోవడానికి ఒక ఆకు, ఆకు మీద నీడ. ముఖం ఎడమవైపుకి, గోడకేసి. అతని పురుగులన్నీ గోడకేసే చూసేవి. అంతవరకూ అది మామూలు పచ్చబొమ్మే. మెరుపు పెట్టడమే అసలు పని. వీపు మీద తెల్లటి చుక్క వేసి, అంచులు పొగలా చెదరగొట్టి, సగం కనబడీ కనబడకుండా చేస్తాడు. తర్వాత కళ్ళల్లో చెరో తెల్లటి నలుసు.

కానీ ఆ నలుసు పెట్టేముందు దాన్ని పలకరించాలి. మా పలకరింపులు తెమిలేవి కాదు. ఇల్లెలా ఉంది, ఇంట్లోవాళ్ళెలా ఉన్నారు, తోటెలా ఉంది, రాత్రి ఎలా గడిచింది, అన్నీ అడగాలి. కలిబ్బల తెర దగ్గరికి వంగి ఒక్కొక్కటే గుసగుసగా అడిగి, జవాబు కోసం ఆగేవాడు. పక్క స్టూలు మీద నాకు ప్రశ్నలు వినబడేవి, జవాబులు వినబడేవి కాదు. నన్ను భయపెట్టింది ప్రశ్నలు కాదు, ఆ ఆగడం. ఒక్కో ప్రశ్నకి ఒక్కోలా ఆగేవాడు. "పిల్లలెలా ఉన్నారు?" అన్నదానికి చాలాసేపు ఆగి, "అయ్యో" అన్నాడు.

నలుసులు పడ్డాయి. మిడత మెరిసింది. నవ్వింది. నేను స్టూలు ఇటు జరిపాను, ఇటు చూసింది. అటు జరిపాను, అటు చూసింది. ఆ మధ్యాహ్నం ఆ తెర మీద నా టోపీ వేలాడదీసి అన్నం తిన్నాను.

శుక్రవారం వచ్చింది. పైన వాన కుమ్మేస్తోంది. పన్నెండున్నరకి కలిబ్బల కోటు తల మీద కప్పుకుని భోజనానికి వెళ్ళాడు. రెండింటికి హాజీ వస్తాడు, ఐదు కాళ్ళు చూస్తాడు, వెళ్ళిపోతాడు. నాలోంగో దగ్గరికి పంపుదామంటే కంప్యూటరు లేవడానికి అరగంట, కాలుకి గంట. నాకు ముగ్గురు పిల్లలు, బడి ఫీజులు. వంశం నియమం అతనిది, నాది కాదు కదా అనుకుని అతని స్టూలు మీద కూర్చున్నాను.

కాలు ఎలా గియ్యాలా అని వెతుకుతుంటే ఒక ఫోల్డరు కనబడింది. పేరు "కాళ్ళు". తెరిచాను. తెర నిండా కాళ్ళు. ఒళ్ళు లేని కాళ్ళు, ముడుచుకున్నవీ, చాచినవీ, నూగుతో, ముళ్ళతో, మెరుపుతో సహా, మూడు వందల పన్నెండు. పదకొండేళ్ళలో ఎగ్గొట్టిన ప్రతి కాలూ అక్కడుంది. చివరిది హాజీ మిడతది. కాలు వెయ్యకూడని మనిషి ఇన్ని కాళ్ళు ఎలా గీశాడని ఆ క్షణంలో నాకు తట్టి ఉండాల్సింది. భయంలో బుర్ర పనిచేయదు. నాకు మామూలప్పుడే అంతంతమాత్రం.

ఆ కాలును లాగి మిడతకు అతికించాను. కరెంటు పోయింది.

బాటరీ కుయ్యిమంది. తెర వెలుగుతూనే ఉంది కానీ చుట్టూ గోడలు లేవు. పైపు ఆగకుండా మూడు గుటకలు వేసింది. నా మణికట్టు మీద ఏదో నడిచింది. చల్లగా, లెక్కగా, ఆరు అడుగులు. నేను అరిచిన అరుపుకి పైన మిడతలు తుంచే ఆడవాళ్ళు నవ్వడం వినబడింది. సీజను కదా, ఏదో బుట్టలోంచి తప్పించుకున్న మిడత అయ్యుంటుంది అని ధైర్యం చెప్పుకుని తెర వైపు తిరిగాను.

ఆకు ఉంది. ఆకు మీద నీడ ఉంది. మిడత లేదు.

మౌసును ఎటుపడితే అటు నొక్కాను. వెనక్కి వెళ్ళే బటను నొక్కాను. దేవుణ్ణి తలుచుకుని ఇంకోసారి నొక్కాను. వచ్చింది. ఆరు కాళ్ళతో, నవ్వుతూ. కాకపోతే రెండు రోజులుగా గోడకేసి చూసింది, ఇప్పుడు కుడివైపుకి, గుమ్మంకేసి చూస్తోంది. కంగారులో నేనే తిప్పేసి ఉంటాను. అలాగే అనుకుంటున్నాను ఇప్పటికీ. ఆకు అంచు మాత్రం కొరికి ఉంది.

హాజీ రెండింటికి వచ్చాడు. కాళ్ళు లెక్కపెట్టుకున్నాడు, గుమ్మంకేసి చూస్తోందని ముచ్చటపడ్డాడు, తీసుకుపోయాడు.

సోమవారానికి ఆ మిడత పొట్లాల మీద కూడా ఎక్కి వీధంతా మెరిసింది. కలిబ్బల ఒక పొట్లాన్ని వేళ్ళ చివర పట్టుకుని వెలుగులో పెట్టి చూశాడు. నా మీద అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ముఖం వాడిపోయింది.

"ఇది నాలోంగో చూసిందా?" అన్నాడు.

దోషం ఆవిడకి కూడా తగులుతుందేమోననే అలా అడిగాడనుకున్నాను.

చూసింది. పొట్లం పట్టుకుని ఆవిడే వచ్చింది. "ఈ కాలు నాది కాదు. నా కాలికి మోకాలుంటుంది" అంటూ కలిబ్బల నుదుటి మీద చేయి వేసింది. "ఎవరు పెట్టారో పెట్టారు. నీకేం కాలేదు కదా నాయనా?"

కలిబ్బల ఒక క్షణం నన్ను చూశాడు. "జ్వరంగా ఉంది అమ్మా" అన్నాడు. దగ్గాడు కూడా. ఆ రోజు నుంచీ అలా దగ్గుతూనే ఉన్నాడు. ఆవిడ ఏవో ఆకులు మరిగించి తెచ్చి దగ్గర కూర్చుని తాగించేది. అవి ఎంత చేదో అతని ముఖం చూస్తే తెలిసేది. నేను తప్పు చేశానని నాకు ఏడుపొచ్చింది, నిజంగా.

అయినా బుద్ధి రాలేదు. హాజీ చెప్పాడేమో, కస్టమర్లు నా చెవిలో ఊదడం మొదలుపెట్టారు. "ముబిరూ, ఆ ముసలావిడ దగ్గరికి మళ్ళీ ఎందుకు, నువ్వే పెట్టెయ్ సెబో." ఆ వారంలో నాలుగు కాళ్ళు పెట్టాను. మెట్ల కింద బల్ల దగ్గరికి ఒక్క మనిషీ వెళ్ళలేదు. నాలోంగో కంప్యూటరు వెలిగించుకుని మెట్ల వైపు చూస్తూ కూర్చునేది. నెలాఖరు రోజు పొద్దున్నే కవీసా చార్జర్లవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, టేపుతో ఆవిడ బల్ల కొలిపించడం మొదలుపెట్టాడు.

అదే సమయానికి చేతికర్ర టకటకలాడించుకుంటూ ఒక పెద్దాయన మా మెట్లు దిగాడు. వెనకాల ఆరుగురు మనుషులు. మిడత వంశంలో పెద్ద. వంశం సభ ఉందట, బ్యానరు కావాలి, చుట్టూ అంచుకి మిడతలు, నలభై ఎనిమిది. కలిబ్బల పైన ప్రింటింగు యంత్రం దగ్గర ఉన్నాడు. నేనే కూర్చోబెట్టి, లెంపలు వేసుకున్నంత పని చేశాను.

"పెద్దయ్యా, నావల్ల అపచారం జరిగింది. మీ వంశం మిడతకి ఆరో కాలు పెట్టాను. ఐదుసార్లు."

"ఆరుండక ఎన్నుంటాయి?"

"ఐదే కదా మీ నియమం?"

"ఏం నియమం?"

"మీవాళ్ళు పురుగుకి ఆరో కాలు గీయకూడదని... కలిబ్బల..."

ఆయన నవ్విన నవ్వుకి నేలమాళిగ దద్దరిల్లింది. "మేం వాటిని తినం, అంతే! కాళ్ళు లెక్కపెట్టే పని మాకెందుకయ్యా? ఎవడు చెప్పాడు నీకు?"

పిడుగు పడ్డట్టు కూర్చున్నాను. పదకొండేళ్ళూ, మూడు వందల పన్నెండు కాళ్ళూ, ఒకటొకటిగా నా కళ్ళ ముందు నడిచి, వరసగా వెళ్ళి, మెట్ల కింద బల్ల దగ్గర ఆగాయి. ఆ కస్టమర్లందరూ అక్కడికే వెళ్ళారు. ఒక్క గెల కూడా ఊరికే తీసుకోని మనిషి దగ్గరికి. పైగా ఇన్నేళ్ళూ ఆవిడ ఏమనుకుంటోంది? ఈ మిడత పిల్లాడికి తనే సాయం చేస్తున్నాననుకుంటోంది!

పెద్దాయన నవ్వు ఆపి నా చూపు వెంబడే చూశాడు. బల్ల మీద టేపు, కవీసా, చార్జర్లవాడు. మధ్యలో చేతులు ఒళ్ళో పెట్టుకున్న ముసలావిడ. ఆయన నవ్వు విని ఆవిడ ఇటే చూస్తోంది.

"నియమం లేదంటున్నారా?" అంది అక్కడి నుంచే, సన్నటి గొంతుతో.

పెద్దాయన కలిబ్బల తెరమీద ఉన్న ఐదు కాళ్ళ పురుగును చూశాడు, ఆవిణ్ణి చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"లేకపోవడమేమిటి న్యాబో, తల్లీ! వయసు మీదపడి మతి తప్పింది నాకు. ఉంది. చాలా గట్టి నియమం. మా తాత దాన్ని తప్పినందుకే..." ఒక్క క్షణం వెతుక్కున్నాడు, "పళ్ళు ఊడిపోయాయి ఆయనకి." చేతికర్ర ఊపుతూ వెళ్ళి ఆవిడ ఎదుట స్టూలు మీద కూర్చున్నాడు. "నలభై ఎనిమిది కాళ్ళు కావాలి. మీరు తప్ప మాకు దిక్కు లేదు. ఒరే అబ్బాయిలూ, ఇలా వచ్చి నిలబడండి!"

ఆరుగురూ వెళ్ళి వరసగా నిలబడ్డారు. కవీసా టేపు చుట్టేసుకున్నాడు. నాలోంగో పెదవి విరిచింది. "నలభై ఎనిమిదా! అబ్బబ్బ, మీ వంశంతో నాకు ప్రాణం విసిగిపోయిందయ్యా" అంటూ, నాలుక పళ్ళ మధ్య బిగించి మౌసు పట్టుకుంది. ఆ సభలో ఆ బ్యానరు చూసినవాళ్ళెవరూ దాన్ని మరిచిపోలేదని విన్నాను. నలభై ఎనిమిది మిడతలకీ మోకాలి చిప్పలున్నాయట.

కలిబ్బలతో నేను ఆ విషయం మాట్లాడలేదు. అతనూ మాట్లాడలేదు. దగ్గు మాత్రం ఆ మధ్యాహ్నానికే తగ్గింది.

తర్వాతి వారం నాకు ఒక చేపల హోటలు బొమ్మ పని వచ్చింది. పొలుసుకు పొలుసు మెరిపించి, తెల్లటి చుక్కలన్నీ పెట్టి, కస్టమరు ముందు తెర తిప్పాను.

"చేప బావుంది. కన్నేదీ?"

"నాది మంబ వంశం సెబో. చేపకి కన్ను పెట్టకూడదు, మా నియమం. మెట్ల కింద ఒక పెద్దావిడ ఉంది, ఆవిడ చేత పెట్టించుకోండి."

అతను మర్యాద తెలిసినవాడు. ఇంకేం అడగకుండా వెళ్ళాడు. కాసేపటికి మెట్ల కింద నుంచి, "ఇప్పుడు వీడొకడు తయారయ్యాడు!" అని నాలోంగో సంబరంగా తిట్టడం వినబడింది.

ఉలిక్కిపడి చూస్తే కలిబ్బల నా భుజం మీద నుంచి తెరలోకి వంగి ఉన్నాడు. టీ ఒలికింది. కన్ను లేని ఆ చేపను చాలాసేపు చూశాడు. పిక్కలు కిర్రుమన్నాయి.

"కన్ను పెడితే ఏం చేస్తుంది?" అన్నాడు.

"ఈదుకుంటూ పోతుంది" అన్నాను, నవ్వు ఆపుకుంటూ.

అతను నవ్వలేదు. నెమ్మదిగా తలూపి, గోడలో పైపు గుటక వేసేదాకా ఆగి, నా చెవి దగ్గర గుసగుసగా అన్నాడు.

"అయితే దాని ముఖం గుమ్మంకేసి పెట్టకు."